పేరు చెక్కని బండ

ఆయన సంతాప సభలో నాకు మైకు ఇవ్వలేదు. అడగలేదేమో అనుకోకండి. ముందు వరుసలోనే కూర్చుని చెయ్యెత్తాను. వేదిక మీదున్న పెద్దమనిషి నన్ను చూశాడు, తల ఊపాడు, "చివర్లో సార్" అన్నాడు. చివర్లో అందరినీ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. నాకు దక్కిన సమయం అదే.

తర్వాత ఒక పత్రికకు రాసి పంపాను. వాళ్లు సభ ఫొటో వేశారు. దండ వేస్తున్న నాయకుడు అందులో నిండుగా ఉన్నాడు. ఎవరి ఫొటోకు దండ పడుతోందో ఆ మనిషి సగమే ఉన్నాడు. దండలు వద్దని ఆయన ఇంటివాళ్లు ముందే చెప్పారు, అదీ ఎవరూ వినలేదు. నేను రాసిన దాంట్లో ఒక్క వాక్యమూ అచ్చు కాలేదు. సోమవారం అర్జీలు తీసుకునే చోటికి పోయాను. మళ్లీ పోయాను. కొన్ని వారాలకు ఫోనుకు సందేశం వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. ఎవరు పరిష్కరించారో, ఏం చేసి పరిష్కరించారో లేదు. మీరు సంతృప్తి చెందారా అని మాత్రం అడిగారు. లేదు అని నొక్కాను. దానికీ జవాబు లేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. మా ఊళ్లో బస్సులు ఆగే చోట, వేపచెట్టు కింద, ఆయన వేసిన కూర్చునే బండను అదే చోట, ఆయన వేసినట్టే, మళ్లీ ఎప్పుడు వేస్తారు?

బండ సంగతి తెలియాలంటే ముందు మనిషి సంగతి తెలియాలి. ఆయన పేరు రాయను. మరిచిపోయి కాదు, భయపడీ కాదు. కారణం చదివే కొద్దీ మీకే తెలుస్తుంది. ఊరంతా ఆయన్ను బండల భాయ్ అనేది. నేను ఉత్త భాయ్ అనేవాణ్ణి. మా ఊరి పేరు కూడా రాయను. కడప, కర్నూలు మధ్య తిరిగే బస్సులు ఆగీ ఆగక పోయే ఊరు అంటే మా వాళ్లకు అర్థమవుతుంది.

రైలు గేటు అవతల ఆయన బండల ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల షెడ్డు, కోత మిషను, పాలిష్ మిషను, ముందు ఖాళీ జాగాలో వరసగా నిలబెట్టిన నల్లబండలు. వంటింటి గట్లకు, మెట్లకు మా వైపు అందరూ వాడే బండే. వేంపల్లెకూ రాజంపేటకూ ఆయన దగ్గర్నుంచే లారీలు పోయేవి. ఆ జాగాలో కుర్చీ అనేది ఒక్కటి ఉండేది కాదు. విరిగిన బండల్ని రకరకాల ఎత్తుల్లో పేర్చి ఉంచేవాడు. పొడుగు మనిషికి ఒకటి, పొట్టి మనిషికి ఒకటి. మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్ల కోసం గోడ పక్కన ఒకటి, వీపు ఆనించుకోవడానికి.

నేను ఆయన దగ్గరికి మొదటిసారి పోయింది పోట్లాటకు. అప్పుడు నేను ఆర్టీసీ డిపోలో గుమాస్తాను. మా వంటింటి గట్టుకు ఆయన పంపిన బండలో పగులు కనపడింది. ఎండలో సైకిల్ తొక్కుకుంటూ పోయి, దిగీ దిగకముందే మొదలుపెట్టాను. ఆయన మిషను ఆపించి, భుజం మీది తువ్వాలుతో ఒక బండ తుడిచి, "కూర్చోప్పా ముందు. నిలబడుకోని తిడితే నడుం పట్టుకుంటాది" అన్నాడు. కూర్చున్నాను. కూర్చున్నాక గొంతు అంత పైకి లేవలేదు. మనిషి కూర్చుంటే కోపం సగమే వస్తుందని ఆయన లెక్క. మా ఇంటికి వచ్చి బండను వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టి విని, అది పగులు కాదు, రాయిలో పుట్టు నరం అన్నాడు. "అయినా నీకు నిద్ర పట్టదులే, మార్చిస్తా" అని వేరే బండ పంపాడు. ఇప్పటికీ అది పగులేనని నా నమ్మకం. ఆ మాట ఆయనతో చివరిదాకా అంటూనే ఉన్నాను. ఆయనా చివరిదాకా నరమనే అన్నాడు. మా స్నేహం అట్లా సాగింది.

నిలబడి ఉన్న మనిషిని చూస్తే ఆయనకు మనసు ఆగేది కాదు. పెళ్లిళ్లలో పిలిచిన వాళ్ల కంటే ముందు ఆయనే కుర్చీలు మోసేవాడు. ఒకసారి ఒక ఆఫీసుకు నాతో వచ్చాడు. అధికారి కూర్చున్నాడు, మేం నిలబడ్డాం. ఇంకో కుర్చీ లేదు. భాయ్ తువ్వాలు నేల మీద పరిచి అధికారి బల్ల ముందు చతికిలబడ్డాడు. ఇదేం పద్ధతని అధికారి అడిగితే, "మేం నిలబడుకుంటే మీరు మెడ ఎత్తాల సార్. కూర్చుంటే దించితే సాలు" అన్నాడు. కుర్చీలు వచ్చాయి. పని కాలేదు, అది వేరే సంగతి. నేను ఆ సంగతి కూడా మరిచిపోలేదు.

ఆయనకు గట్టుబండల కంటే ఎక్కువ పేరు తెచ్చినవి శిలాఫలకాలు. శంకుస్థాపన, ప్రారంభోత్సవం, నీళ్ల ట్యాంకు, సిమెంటు రోడ్డు, చివరికి బోరింగు. మా చుట్టుపక్కల ఏ పని మొదలైనా ముందు తయారయ్యేది పేర్ల బండ. పని జరగకపోయినా బండ మిగిలేది. అవన్నీ భాయ్ దగ్గర చెక్కినవే. పెద్ద నాయకుడి పేరు ఎంత అక్షరం, చిన్న నాయకుడి పేరు ఎంత అక్షరం అని మనుషులు వచ్చి కొలిచి పోయేవాళ్లు. ఒకసారి రెండు వర్గాల వాళ్లు ఒకే బండ కోసం వచ్చారు. తమవాడి పేరు పైన ఉండాలని వీళ్లు, తమవాడిదే ఉండాలని వాళ్లు. మాట పెరిగింది. చొక్కా చేతులు పైకి పోయాయి. భాయ్ సాసర్‌లో టీ పోసుకుని ఊదుకుంటూ, "రాయి గుండ్రంగా కోస్తాలేప్పా. ఎవురు పైనో మీరే తిప్పుకోండి" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వాక కొట్టుకోవడం కష్టం.

కరోనా సద్దుమణిగాక బండల వ్యాపారుల్ని మిషన్లమ్మే కంపెనీ ఒకటి ఇటలీకి తీసుకుపోయింది. రాళ్ల సంత లాంటిది ఏదో అక్కడ జరుగుతుందట. కర్నూలు వైపు నుంచి కొందరు, కడప వైపు నుంచి కొందరు. భాయ్ అంతకు ముందు హైదరాబాదు దాటి ఎరగడు. పోయేటప్పుడు ఆయన భార్య కారప్పొడి పొట్లం కట్టి బట్టల మధ్య పెట్టింది. మేమంతా బస్సు దాకా పోయి సాగనంపాం.

తిరిగి వచ్చినవాళ్లంతా సెంట్లు, చాక్లెట్లు, వాలిన గోపురం ముందు చెయ్యి చాపి దిగిన ఫొటోలు తెచ్చారు. నెల తిరిగేసరికి సెంటు అయిపోయింది, ఇటలీ కూడా అయిపోయింది. మళ్లీ దుమ్ము, కరెంటు కోత, లారీవాడితో గొడవ. భాయ్ ఏమీ తేలేదు. ఆయన ఫోనులో ఉన్న ఫొటోలన్నీ ఒక బెంచీవి. ముందు నుంచి, పక్క నుంచి, కింది నుంచి.

ఆ కథ ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో. సంతలో మిషన్ల చప్పుడుకు తల తిరిగి, గుంపును వదిలి బయటికి వచ్చాడట. దారి తప్పి ఒక చిన్న కూడలికి చేరాడట. నాలుగు దిక్కులా ఇళ్లు, మధ్యలో రాతి బెంచీ. కాళ్లు లాగుతుంటే కూర్చున్నాడు. కూర్చున్నాడే గాని లోపల బెదురు. ఎవరిదో, ఎవరు లేపుతారో, ఏ భాషలో తిడతారో. కొంచెం సేపటికి సంచీ పట్టుకున్న ముసలమ్మ వచ్చి పక్కనే కూర్చుంది. చెప్పు విప్పి, లోపలున్న రాయి దులిపి, మళ్లీ తొడుక్కుని, గాలి పీల్చుకుని, లేచి పోయింది.

"నా తట్టు సూడను కూడా సూడలేదప్పా" అనేవాడు భాయ్. "నువ్వెవురు, యాడోనివి, ఎవురి మనిషివి, ఒక్క మాట అడగలే. నేనుండేది ఆమెకు తెలుసు, కానీ అడిగే పని ల్యా. నా ఆయుష్షులో అంత సుకంగా ఎప్పుడూ కూర్చోలేదు."

ముసలమ్మ పోయాక ఆయన చేసిన పని మా ఊరి మనిషే చేయగలడు. బెంచీ ఎవరి జ్ఞాపకార్థమో చూద్దామని పేరు వెతికాడు. ముందు లేదు, వెనక లేదు. మోకాళ్ల మీద వంగి, తల లోపల పెట్టి కింద కూడా చూశాడట. ఇళ్ల గట్లు, మెట్లు తప్పిస్తే, పేరు చెక్కని రాయి ఆయన చేతిలోంచి అంతవరకూ ఒక్కటీ బయటికి పోలేదు. ఊరికి ఇచ్చిన రాయి మీద పేరు లేకపోవడం ఆయనకు అర్థం కాలేదు. వెతుక్కుంటూ వచ్చిన తోటి వ్యాపారులు, ఇంత దూరం వచ్చి బెంచీ కింద దూరాడని ఊరంతా చెప్పి నవ్వారు. భాయ్ కూడా నవ్వేవాడు. నవ్వి, "కింద కూడా ల్యా" అనేవాడు.

ఇటలీ నుంచి వచ్చినాక ఆయన పని తగ్గించాడు. ఒప్పుకున్న శిలాఫలకాలు చెక్కి ఇచ్చేశాడు. కొత్తవి ఒప్పుకోలేదు. అది చిన్న విషయం కాదు. ఆయన ఇల్లు నడిచేది వాటి మీదనే. ఆయన భార్య నాతో, "అన్నా, అందురి మొగుళ్లు ఏందో ఒకటి తెచ్చుకున్యారు. మాయన ఉండేది పోగొట్టుకోని వచ్చినాడు" అంది. ఆమె మాటలో కోపం ఉంది, తప్పు లేదు. ఒకరోజు జాగాలో కూర్చుని ఉంటే ఆయనే అన్నాడు, "ఈడికి వచ్చినాంక అది నిజంగా సూసినానా లేదా అనిపిస్తాండాదప్పా. ఈడ పొద్దున లేస్తే అంతా పేర్లే." ఆ పూట ఆయన టీ తాగలేదు. నేను ఏదో ఒకటి అనాలని, చూసింది నిజమైతే ఒకటి చేసి చూపించమన్నాను. ఆయన లేచి పోయి బండలు తట్టడం మొదలుపెట్టాడు.

మా బస్సులు ఆగే చోట నీడ ఒక్కటే ఉంది, వేపచెట్టుది. కడప పెద్దాసుపత్రికి పోయే రోగులు, సంతకు పోయే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు అక్కడే గంటల కొద్దీ నిలబడేవాళ్లు. ముసలివాళ్లు రోడ్డు అంచున గొంతుక్కూర్చునేవాళ్లు. అక్కడ వేయడానికి భాయ్ మందమైన బండ తీశాడు. చీరకొంగులు చిక్కుకోకుండా అంచులు గుండ్రంగా తిప్పాడు. కూర్చున్నవాళ్లు జారకుండా పై భాగం పాలిష్ చేయకుండా వదిలాడు. కూర్చునే చోట కొంచెం లోతు తీశాడు, వాన నీళ్లు పక్కకు జారిపోయేటట్టు. ఊరి ఆఫీసులో అడిగితే అధికారి సంతోషంగా సరేనన్నాడు. ఎవరి పేరు వేస్తారని అడిగాడు. ఎవరిదీ వేయనంటే, పేరు లేకుండా దాతలు ఎట్లా అని కొంచెం సేపు ఆలోచించి, పెట్టుకోండి పొమ్మన్నాడు. ఆ మాట నా ముందే అన్నాడు. ఇప్పుడు అనలేదంటున్నారు.

బండ వేశాం. ఎవరూ కూర్చోలేదు.

ఇది నమ్మబుద్ధి కాదు. కానీ మా వైపు వాళ్లకు చెప్పనక్కర లేదు. నీడ ఉంది, బండ ఉంది, జనం దాని చుట్టూ నిలబడి దాన్నే చూస్తున్నారు. సంచులు కూడా దాని మీద పెట్టకుండా నేల మీద పెట్టుకున్నారు. ఎందుకంటే పేరు లేదు. పేరుంటే ఎవరిదో తెలిసేది. మనవాళ్లదైతే కూర్చోవచ్చు, అవతలి వాళ్లదైతే పక్కకు పోవచ్చు. పేరు లేని బండ ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? ఈ పార్టీ వాళ్లు అది ఆ పార్టీ ఎత్తు అనుకున్నారు, ఆ పార్టీ వాళ్లు ఈ పార్టీది అనుకున్నారు. కూర్చుంటే ఎవరో ఫొటో తీస్తారని, రేపు ఫలానావాడు ఇటు చేరాడని పుకారు పుడుతుందని భయం. పింఛను పోతుందని ఒకామె నాతోనే అంది. నేనూ భాయ్ పోయి కూర్చుంటే ఇంకా చెడింది. ఇది భాయ్ ఫ్యాక్టరీ ప్రచారం అన్నారు.

భాయ్ రోజూ పొద్దున పోయి అక్కడ నిలబడేవాడు. నిలబడటం చేతకాని మనిషి, ఆ బండ కోసం నిలబడ్డాడు. ఒకరోజు పల్లె నుంచి వచ్చిన ఒక అవ్వ, నెత్తిన మూటతో, బండను చుట్టూ తిరిగి చూసింది.

"ఎవురిది సాయిబూ ఈ బండ?"

"నీదేనవ్వా. కూర్చో."

"నాదైతే నాకు తెల్దా?" అని, మూట దించకుండానే పక్కకు పోయి నిలబడింది.

నేను నవ్వాను. భాయ్ నవ్వలేదు. సాయంత్రం దాకా ఆ మాటనే అనుకుంటూ తిరిగాడు. ఒక పేరు చెక్కితే గొడవ వదులుతుంది కదా, నీ తల్లి పేరే చెక్కు అన్నాను. అప్పుడు ఆయన నా మీద మొదటిసారి విసుక్కున్నాడు. "మా యమ్మ పేరు చెక్కితే అది మాయమ్మ బండ అయితాది. ఆ యవ్వది ఎప్పుడైతాది?" అన్నాడు.

మొదట ఎక్కింది మేకలు. వాటికి ఎవరిదో అక్కర లేదు కదా, మధ్యాహ్నం ఎండకు వచ్చి వరసగా పడుకున్నాయి. మేకల్ని తోలిన మనిషి అలవాటుగా వాటి పక్కన కూర్చున్నాడు. అతను కూర్చుంటే ఏమీ కాలేదు. మరుసటి వారం సంతరోజు అవ్వ మళ్లీ వచ్చింది. ఎండ ఎక్కువగా ఉంది, బస్సు రాలేదు. మూటను బండ చివర పెట్టింది. కాసేపు మూట పక్కన నిలబడింది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి మూటను జరిపి కూర్చుంది. భాయ్ రోడ్డు అవతల టీ కొట్టు దగ్గర ఉన్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "సూడాకప్పా, ఆ తట్టు సూడాకు, లేచిపోతాది" అన్నాడు. మేమిద్దరం వీపు తిప్పి నిలబడ్డాం. బస్సు వచ్చి, ఆమె ఎక్కి, బస్సు పోయేదాకా ఆయన అటు తిరగలేదు.

తర్వాత బండ ఖాళీగా ఉండగా నేను చూడలేదు. బాలింతలు బిడ్డలకు పాలిచ్చారు. పరీక్షల పిల్లలు చదువుకున్నారు. ఊళ్లో ఏళ్ల తరబడి మాటల్లేని రెండు ఇళ్ల మగవాళ్లు చెరో కొసన కూర్చుని, మధ్యలో కూరగాయల గంప పెట్టుకున్న ఆమెతో ఇద్దరూ విడివిడిగా మాట్లాడారు. ఎవరూ ఎవరినీ ఎవరి మనిషివని అడగలేదు. భాయ్‌కు కావలసింది అంతే.

అప్పుడే పార్టీ మనిషి వచ్చాడు. ఏ పార్టీ అని రాయను, అవతలిది వచ్చినా ఇదే చేసేది. బాగా గౌరవంగా మాట్లాడాడు. బండ బాగుండాది, జనం మెచ్చుకుంటాండారు, మా యన్న పేరు చెక్కించు, ఊరంతా ఇట్లాంటివి ఏయించుకుంటాం, పని మొత్తం నీకే అన్నాడు. అది చిన్న మాట కాదు, భాయ్ ఇంటికి ఏడాది గడిచే మాట. ఆయన భార్య గడపలో నిలబడి వింటోంది. భాయ్ ముందు ఆ మనిషిని కూర్చోబెట్టాడు.

"మీ యన్న పేరు చెక్కినాననుకో, జనం ఏం జేయాల? పేరు మీద కూర్చోవాల్నా? ముడ్డి కింద పెట్టుకుంటారా మీ యన్నను?"

"పక్కన చెక్కు భాయ్, అంచు మీద."

"అంచు మీద చెక్కితే కాళ్లు తగుల్తాయి. తగల్లేదా అని సూసేదానికి నువ్వొక మనిషిని పెడతావు. ఆ మనిషి నిలబడుకుంటే వీళ్లంతా లేస్తారు. వద్దప్పా. పేరు చెక్కినంక అది సూసే బండ, కూర్చునే బండ కాదు."

ఆ మనిషి నవ్వుకుంటూనే లేచాడు. పోతూ, నీ ఇష్టం భాయ్, బండ మాత్రం ఊరి జాగాలో ఉందని గుర్తుపెట్టుకో అన్నాడు. లోపలికి పోయాక భార్య ఏమంటుందోనని నేను భయపడ్డాను. ఆమె టీ తెచ్చి, "ఇటలీ నుంచి నీ మొగుడు ఏం తెచ్చినాడని ఎవురన్నా అడిగితే సెప్పేదానికి నాకిప్పుడు ఉండాదిలే" అంది. ఆయన తల దించుకుని సాసర్‌లోకి టీ ఒంపుకున్నాడు. అంత సిగ్గుపడిన మనిషిని ఆ వయసులో నేను చూడలేదు.

పోయిన ఎండాకాలం ఆయన గుండె ఆగింది. ఫ్యాక్టరీలోనే, మధ్యాహ్నం, భోంచేసి గోడ పక్క బండ మీద ఒరిగి. నేను పోయేసరికి కోత మిషను ఎవరూ ఆపలేదు, తిరుగుతూనే ఉంది. నేనే ఆపాను.

పోయినవాళ్ల కోసం నలభయ్యో రోజు చదివే ఫాతెహా కాకముందే వేపచెట్టు కింద బండ లేదు. పొద్దున ఉంది, సాయంత్రానికి మట్టిలో దాని గుర్తు ఉంది. ఆఫీసులో అడిగితే తెలియదన్నారు. ఇంజనీరు ఒకాయన, "దాని మీద పేరు లేదు కదా సార్, ఎవరిదని వెతకమంటారు?" అన్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఆయన కుర్చీ చూపించలేదు.

కొన్నాళ్లకు అక్కడ పెద్ద పెద్ద అక్షరాలు లేచాయి. మా ఊరిని ప్రేమిస్తున్నామని ఇంగ్లీషులో, మధ్యలో ఎర్ర గుండె బొమ్మతో, లోపల లైట్లు. జనం ఫొటోలు దిగడానికట. దాని పక్కన ముసుగు వేసిన శిలాఫలకం. ప్రారంభోత్సవం రోజు ముసుగు తీశారు, చప్పట్లు కొట్టారు. నేను జనంలో దారి చేసుకుని దగ్గరికి పోయాను. నల్లబండ. పై నుంచి కింది దాకా పేర్లు. పెద్దవాళ్లవి పెద్ద అక్షరాలు, చిన్నవాళ్లవి చిన్న అక్షరాలు. వెనక్కి చెయ్యి పెట్టి చూశాను. పాలిష్ లేని గరుకు, మధ్యలో కొంచెం లోతు. అంచులు గుండ్రంగా ఉన్నాయి. శిలాఫలకానికి అంచులు ఎవరు తిప్పుతారు?

ఆయన బండనే లేపి నిలబెట్టారు. దాని అడుగు వైపును ముందుకు తిప్పి పేర్లు చెక్కారు. అన్నిటికంటే కింద ఆయన పేరు కూడా ఉంది, స్వర్గీయ అని చేర్చి, జ్ఞాపకార్థం అని.

ఆయన భార్యను తీసుకుపోయి చూపించాను. ఆమె ఆ పేరు మీద చెయ్యి పెట్టి అక్షరం అక్షరం తడిమింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మరుసటి సోమవారం బురఖా వేసుకుని నాతో అర్జీలు తీసుకునే చోటికి వచ్చింది. అధికారి ఆమెను చూసి లేచి, మీవారికి తగిన గౌరవం చేశామమ్మా అన్నాడు.

ఆమె కూర్చోకుండానే చెప్పింది. "గౌరవం వద్దు సార్. ఆయన పేరు గీకేసేయండి. బండను పండబెట్టండి. ఆడ మా యాయన పేరు నిలబెట్టేదానికని ఆడోళ్లు నిలబడుకోని ఉండారు, ఆయనకు అది సరిపోదు."

అధికారికి అర్థం కాలేదు. పేరు వేయమని వచ్చేవాళ్లను ఆయన ఎరుగును. తీసేయమని వచ్చిన మొదటి మనిషి ఆమె అయి ఉండాలి. ప్రారంభించిన ఫలకాన్ని కదిపితే నాయకుల్ని అవమానించినట్టు అవుతుందమ్మా అన్నాడు. అర్జీ తీసుకున్నాడు. ఆ అర్జీ కూడా పరిష్కరించబడింది.

బయట వరండాలో, అప్పట్లో పేరు చెక్కమని వచ్చిన ఆ పార్టీ మనిషే కనపడ్డాడు. నీ పేరు వేయలేదనా సార్ నీ కోపమంతా అని నన్ను అడిగాడు, పది మంది ముందు. నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఒక్కొక్కరి ముఖం నాకు గుర్తుంది. మా వైపు ఒక మనిషి బండ కోసం అడిగితే అందులో తన పేరు కోసమే అడుగుతాడని అనుకునే స్థితికి వచ్చాం. నా పేరు వద్దు. ఆయన పేరూ వద్దు. అందుకే ఇంత రాసినా ఆయన పేరు రాయలేదు. ఆయన వద్దన్న పని నేను కాగితం మీద కూడా చేయను.

సంతాప సభలో మాట్లాడిన పెద్దలంతా ఆయన విదేశాలు చూసి వచ్చిన దార్శనికుడని అన్నారు. ఏం చూసి వచ్చాడో ఒక్కరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషికి మైకు ఇవ్వలేదు. ఆయన చూసి వచ్చింది ఇది. ముసలిది ఒకతె వచ్చి కూర్చుని, కాలు నొప్పి తగ్గేదాకా ఉండి, ఎవరికీ దండం పెట్టకుండా లేచి పోవచ్చు. ఇక్కడ అది కుదరదని అందరూ అన్నారు. కుదిరింది. ఆయన చేసి చూపించాడు. మా ఊరి జనం దానికి అలవాటు పడటానికి పట్టింది కొన్ని వారాలే. దాన్ని లేపడానికి మీకు పట్టింది ఒక మధ్యాహ్నం.

ఇప్పుడు అడుగుతున్నాను. సందేశం వద్దు, సంతృప్తి చెందారా అన్న ప్రశ్న వద్దు. ఊరి ఆఫీసులో కుర్చీ ఉన్న ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. ఆ బండను లేపమని చెప్పింది ఎవరు? దాని మీద ఆయన పేరు చెక్కమని చెప్పింది ఎవరు? ఆయన భార్య అడిగినట్టు ఆ పేరు గీకేసి బండను పండబెట్టేది ఎప్పుడు? నేను రోజూ పొద్దున మొదటి బస్సు వేళకు ఆ వేపచెట్టు కింద నేల మీద కూర్చుంటున్నాను. మీ ఆఫీసు కిటికీలోంచి కనపడతాను. కిందికి దిగి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, జవాబు చెప్పండి.